కొసరు కూడా మన కష్టంలోదే!

మా అమ్మ జగిత్యాల అంగడికి పోతే కొసరు లేకుండా ఇంటికి రాదు. రెండు కిలోల టమాటాలు కొంటే పైన నాలుగు పచ్చిమిరపకాయలో, కాస్త కొత్తిమీరో అడిగి సంచిలో వేయించుకుంటుంది. చిన్నప్పుడు పక్కన నిలబడి నేను సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. "ఎందుకమ్మా అట్ల అడుగుతవ్, బిచ్చమడిగినట్టు?" అన్నానొకసారి. "బిచ్చం కాదురా. ధరల అది కూడ కలిపే చెప్తడు వాడు. అడగనోడు ఊకెనే పైసలు ఇచ్చి వచ్చినట్టు" అంది.

ఆ మాట విలువ నాకు ముప్పై దాటాక, ఒమాన్ దక్షిణాన సలాలాలో ఒక హోటల్ కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు గానీ తెలియలేదు. నాలాంటి గల్ఫ్ సోదరులతో ఆ సంగతే పంచుకుందామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కట్టేది మనం, దిగేది వేరేవాళ్లు

నేను సివిల్‌లో డిప్లొమా చేసి పన్నెండేళ్ల కిందట మస్కట్ వచ్చాను. ఫోర్‌మన్ కింద పని నేర్చుకుని ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఈ పన్నెండేళ్లలో మూడు హోటళ్ల పనిలో నా చెయ్యి ఉంది. ఒకదానిలో 400 గదుల టైల్స్ పని మొత్తం నా కళ్ల ముందే జరిగింది. ఏ బాత్రూమ్‌లో నీళ్లు ఏ మూలకు వాలుతాయో ఇప్పటికీ చెప్పగలను. హోటల్ తెరిచాక మాత్రం ఆ గేటులోపలికి నేను మళ్లీ పోలేదు. మనలో చాలామంది కథ ఇదే కదా! పని అయ్యేదాకా హెల్మెట్ పెట్టుకుని లోపల ఉంటాం. రిబ్బన్ కట్ చేశాక బయట బస్టాపులో ఉంటాం.

హోటల్ వాళ్లిచ్చే పాయింట్లన్నా, విమానం వాళ్లిచ్చే మైళ్లన్నా సూటూ బూటూ వేసుకునే వాళ్ల వ్యవహారమనే నేనూ అనుకునేవాణ్ణి. మా ప్రాజెక్టు మేనేజరు ఒకాయన రెండేళ్లు ఊళ్లు తిరిగి, ఆ పాయింట్లతోనే భార్యాపిల్లల్ని తీసుకుని జపాన్ అంతా తిరిగొచ్చాడు. గదులకు ఒక్క బైసా కట్టలేదట. సైట్ ఆఫీసులో ఫొటోలు చూపిస్తుంటే అందరం నోరు తెరుచుకుని చూశాం. 'పెద్ద జీతగాళ్లకు పెద్ద భాగ్యాలు' అనుకుని మళ్లీ కాంక్రీటు దగ్గరికి పోయాం. ఆయన కట్టనిది నిజమే. ఆ రెండేళ్ల హోటల్ బిల్లులన్నీ కంపెనీ కట్టింది. ఆయన చేసిందల్లా గది తీసుకున్న ప్రతిసారీ తన నంబరు చెప్పడమే.

కౌంటర్ దగ్గర తమ్ముడి మాట

2024 జనవరిలో మా కంపెనీకి సలాలాలో పని దొరికింది. మస్కట్ నుంచి వెయ్యి కిలోమీటర్లు. అక్కడ క్యాంపు ఇంకా పూర్తి కాలేదు. కార్మికులకు అద్దె ఇళ్లు చూసి, అయిదుగురు సూపర్‌వైజర్లం, ఫోర్‌మన్లం మాత్రం ఒక హోటల్‌లో దిగాం. సలాలాలో వానల కాలం ఖరీఫ్ జూన్ నుంచి సెప్టెంబరు దాకా. అప్పుడైతే గదుల ధరలు మండిపోతాయి. చలికాలంలో మా కంపెనీ బేరమాడి రోజుకు 28 రియాళ్లకు మాట్లాడింది. హోటల్ పేరు ఇక్కడ అనవసరం. ప్రపంచమంతా శాఖలున్న కంపెనీ అనుకోండి.

కౌంటర్‌లో ఉన్నది రాయచోటి కుర్రాడు. నా పాస్‌పోర్టు చూసి తెలుగులోకి దిగాడు. "అన్నా, మీకు మెంబర్‌షిప్ నంబరుందా?" అన్నాడు. లేదన్నాను. "దుడ్లేం కట్టాల్సిన పన్లేదన్నా. పేరు, ఈ-మెయిల్ చాలు. మీ కంపెనీ రేటుకు పాయింట్లు పడతాయి" అన్నాడు. రెండు నిమిషాల పని. వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్లనూ అడిగాడు. ఒకాయన "మాకెందుకయ్యా, తాళం ఇయ్యి, పడుకోవాలె" అన్నాడు. ఇంకొకాయన పేరు ఇస్తే ఏదైనా బిల్లు మీద పడుతుందేమోనని భయపడ్డాడు. మిగతా ఇద్దరు తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత అనేది రాలేదు.

58 రాత్రులు ఉన్నాం. ఈ హోటల్ కంపెనీల్లో చాలావాటిలో డాలరుకు పది పాయింట్లు లెక్క. మన రియాల్ రెండు డాలర్ల అరవై సెంట్లు కాబట్టి 28 రియాళ్ల గదికి రోజుకు 700 పైచిలుకు పాయింట్లు. 25 రాత్రులు దాటాక నా మెట్టు ఒకటి పెరిగి, ఆపైన ప్రతి రాత్రికీ పావు వంతు ఎక్కువ పడింది. మార్చిలో గది ఖాళీ చేసేసరికి నా ఖాతాలో దాదాపు 49 వేలు. 2025లో సొహార్ పని మీద అదే కంపెనీ హోటల్‌లో ఇంకో 11 రాత్రులు ఉన్నాను. మొత్తం 60 వేలకు దగ్గరైంది.

నా పక్క గదుల్లో అన్నే రాత్రులు పడుకున్న నలుగురికి వచ్చింది సున్నా. తర్వాత సంగతి తెలిసి ఇద్దరు వెళ్లి అడిగారు. పాత బసకు పాయింట్లు అడగడానికి గడువుంటుంది. పైగా ఆ రోజు సభ్యుడై ఉండాలని మెలిక పెట్టారు. దొరకలేదు.

ఇక్కడ ఒక మాట. డబ్బు కట్టింది కంపెనీ కదా, పాయింట్లు నీవెలా అవుతాయి అని అడిగేవాళ్లుంటారు. నాకూ ఆ అనుమానం వచ్చింది. మా అడ్మిన్ ఆఫీసులో నేరుగా అడిగాను. "గదిలో పడుకున్న మనిషి పేరు మీదే వస్తాయి, మేం అడ్డు చెప్పం" అన్నారు. అన్ని కంపెనీల్లో రూలు ఒకటే కాదు. దొంగతనంగా తీసుకునేకంటే అడిగి తీసుకుంటే మర్యాద.

కాక లెక్క

ఆ నలుగురిలో మేం కాక అని పిలుచుకునే పెద్దాయన ఒకడు. నిజామాబాద్ వైపు మనిషి. 22 ఏళ్లు ఒమాన్‌లో చేశాడు. 2025లో పూర్తిగా ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఒక సాయంత్రం రువిలో చాయ్ తాగుతూ నేను కాక ప్రయాణాల లెక్క వేశాను. రెండేళ్లకోసారి సెలవు. అంటే 11 సార్లు ఇంటికి పోయి వచ్చాడు. మస్కట్ నుంచి హైదరాబాద్‌కు ఆకాశంలో సుమారు 2,200 కిలోమీటర్లు. పోనూ రానూ 4,400. పదకొండు సార్లకు 48 వేల కిలోమీటర్లు దాటింది. భూమి చుట్టుకొలత 40 వేలు. కాక భూమిని ఒక చుట్టు చుట్టి ఇంకా పైన తిరిగాడన్నమాట! జీవితంలో చూసింది మాత్రం రెండే ఊళ్లు. పని చేసేది ఒకటి, అప్పు తీర్చేది ఒకటి.

ఆ పదకొండు టికెట్లలో ఒక్కదాని మీదా కాక సభ్యత్వ నంబరు లేదు. టికెట్ కంపెనీ కొనేది, లేదా ఏజెంటు రాసేవాడు. కాక పాస్‌పోర్టు ఇచ్చి కాగితం తెచ్చుకునేవాడు. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, విమాన మైళ్లు టికెట్ కొన్నవాడివి కావు, సీట్లో కూర్చున్నవాడివి. కంపెనీ కొన్న టికెట్ అయినా మైళ్లు మామూలుగా ప్రయాణికుడి పేరు మీదే పడతాయి. ఒమాన్ ఎయిర్‌కు 'సింద్‌బాద్' అనే పథకం ఉంది. ఎయిరిండియాకు 'మహారాజా క్లబ్' ఉంది. చేరడానికి రుసుము లేదు. ఒమాన్ ఎయిర్ 2025 జూన్ 30న 'వన్‌వరల్డ్' అనే విమాన సంస్థల కూటమిలో చేరింది. జపాన్ ఎయిర్‌లైన్స్, ఖతార్ ఎయిర్‌వేస్ అందులోవే. అంటే సెలవుకు ఇంటికి పోయి సంపాదించిన మైళ్లు ఆ కూటమిలో వేరే విమానాల మీద కూడా పనికొస్తాయి.

అతి చౌక టికెట్లకు మైళ్లు చాలా తక్కువ పడతాయని, కొన్ని చౌక విమాన సంస్థలకు అలాంటి పథకమే ఉండదని కూడా చెప్పాలి. కాక లెక్కలో కొండలేమీ కరిగిపోలేదు. కానీ 22 ఏళ్లలో ఒక్కసారైనా భార్యను మస్కట్ తెచ్చి సముద్రం చూపించడానికి టికెట్‌లో కొంతైనా దాంట్లోంచి వచ్చేదేమో అని నాకు అనిపించింది. కాక మొహం చూసి ఆ మాట అనలేదు.

జపాన్ ఎందుకు?

పాయింట్లు చేతికొచ్చాక నాకు మేనేజరు ఫొటోలే గుర్తొచ్చాయి. జపాన్ అంటే మనవాళ్లకు మొన్నటిదాకా బొమ్మల్లోని దేశం. 2022 అక్టోబరులో 'ఆర్ఆర్ఆర్' అక్కడ విడుదలై జపాన్ వాళ్లు థియేటర్లలో ఊగిపోయాక మా అబ్బాయికి కూడా ఆ దేశం పక్క వీధిలా అయిపోయింది.

నా కోరిక వేరు. కట్టడం పని చేసేవాడు ఒక్కసారైనా చూడాల్సిన దేశమది. కోబె దగ్గర సముద్రం మీద అకాషి వంతెన ఉంది. 1998లో తెరిచారు. రెండు స్తంభాల మధ్య దూరం 1,991 మీటర్లు. అది 1,990 మీటర్లకు గీసిన వంతెన. స్తంభాలు లేపాక, 1995 జనవరిలో కోబె భూకంపం వచ్చి నేల జరిగింది. స్తంభాల మధ్య దూరం దాదాపు ఒక మీటరు పెరిగింది. వాళ్లు లెక్కలు సరిచేసుకుని పూర్తి చేశారు. మా సైట్లో కాలమ్ రెండు సెంటీమీటర్లు జరిగితే కన్సల్టెంటు ఆకాశం విరిగి పడ్డట్టు చేస్తాడు! నారా దగ్గర హోర్యుజి గుడిలో ప్రపంచంలోనే అతి పాత చెక్క కట్టడాలున్నాయి. వెయ్యి ఏళ్లు ఎప్పుడో దాటాయి. 1964 అక్టోబరులో మొదలైన షింకన్‌సెన్ రైలు సరేసరి. ఇవన్నీ డిప్లొమా చదివేటప్పుడు పుస్తకంలో నలుపు తెలుపు బొమ్మలుగా చూసినవి.

లెక్క ఇలా వేశాను

60 వేల పాయింట్లతో జపాన్ అంతా తిరుగుతామంటే అబద్ధం. రాత్రులు ఎలా వాడాలన్నదే అసలు తెలివి. మా హోటల్ కంపెనీ నియమంలో ఒక వెసులుబాటు ఉంది. పాయింట్లతో ఒకే చోట వరసగా అయిదు రాత్రులు తీసుకుంటే నాలుగింటికే కోస్తారు. రెండు రాత్రులు ఇక్కడ, మూడు అక్కడ అని చీలిస్తే ఆ అయిదో రాత్రి పోతుంది. అందుకని రోజుకో ఊరు మారకుండా ఒసాకాలో అయిదు రాత్రులు ఒకే గది పెట్టుకున్నాను. రాత్రికి 15 వేల చొప్పున నాలుగింటికి 60 వేలు. అక్కడి నుంచి క్యోటో మామూలు రైల్లో అరగంట. నారా గంట లోపు. హిమేజి కోట, దారిలో అకాషి వంతెన గంట దూరం. హిరోషిమా షింకన్‌సెన్‌లో గంటన్నర. పొద్దున పోయి రాత్రికి గదికి రావచ్చు. రోజూ సామాను మోసే బాధ లేదు.

ముందు మూడు రాత్రులు మాత్రం టోక్యోలో డబ్బు కట్టి చిన్న హోటల్‌లో ఉంటాం. టోక్యోలో దిగి, ఒసాకా నుంచి తిరుగు విమానం ఎక్కుతాం. వచ్చిన దారినే వెనక్కి పోతే ఇంకో రైలు ఖర్చు. విదేశీయులకిచ్చే ఏడు రోజుల జపాన్ రైల్ పాస్ ఒకప్పుడు 30 వేల యెన్ల లోపే ఉండేది. 2023 అక్టోబరులో 50 వేలు చేశారు. టోక్యో నుంచి క్యోటోకు విడిగా కొంటే దాదాపు 14 వేల యెన్లు. మాలా తక్కువ దూరాలు తిరిగేవాళ్లకు విడి టికెట్లే చౌక. పాస్ అనగానే లాభమనుకోకూడదని అప్పుడు అర్థమైంది.

తేదీల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. ఈ హోటల్ కంపెనీల్లో చాలావాటికి ఇప్పుడు స్థిరమైన పాయింట్ల ధర లేదు. గిరాకీని బట్టి మారుతుంది. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూల కాలం. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా వాళ్లకు వరస సెలవులు. అప్పుడు అదే గదికి పాయింట్లు చాలా ఎక్కువ అడుగుతారు. జూన్ మొదటి వారంలో వానలు మొదలయ్యే కాలం కాబట్టి రద్దీ తగ్గుతుంది. మన పిల్లలకూ ఇంకా బడి తెరవరు. వానకు భయపడటానికి మనమేమీ ఉప్పు బస్తాలం కాదు కదా!

మన పాస్‌పోర్టుకు జపాన్ వీసా తప్పనిసరి. పాయింట్లతో తీసుకున్న గదిని చాలాచోట్ల కొద్ది రోజుల ముందు దాకా రద్దు చేసుకుంటే పాయింట్లు తిరిగొస్తాయి. షరతు చదువుకుని అలాంటి గదే తీసుకోవాలి. వీసా రాకపోతే పాయింట్లయినా మిగులుతాయి. జపాన్‌లో గదులు చిన్నవి. ఎంతమందో ముందే రాయాలి. ఇద్దరికని రాసి పిల్లవాణ్ణి తీసుకుపోతే కౌంటర్‌లో ఇబ్బంది పడతాం.

ఇంతా చేసి మిగిలేదెంత? నేను చూసిన రోజు ఆ గది అయిదు రాత్రులకు డబ్బయితే దాదాపు 200 రియాళ్లు చూపించింది. విమానం, వీసా, తిండి, రైళ్లు అన్నీ నా జేబులోంచే. కాబట్టి ఊరికే జపాన్ అని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ 200 రియాళ్లంటే మా సైట్‌లో ఒక హెల్పర్ తమ్ముడికి రెండు నెలల జీతం. అది అడిగినందుకు నాకొచ్చింది. అడగనందుకు పక్క గది వాళ్లకు పోయింది.

పాయింట్లు పెరుగు లాంటివి, నెయ్యి కావు

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. ఈ పథకాలు ఎవరూ మన మీద ప్రేమతో పెట్టలేదు. 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ల పథకం మొదలుపెట్టింది. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్లు అదే దారి పట్టాయి. వాడు మళ్లీ మన దగ్గరికే రావాలన్నదే ఎత్తు. ఆ ఖర్చు ధరలో ముందే కలిసి ఉంటుంది. మా అమ్మ చెప్పినట్టు కొసరు అడగనివాడి డబ్బుతోనే అడిగేవాడికి కొసరు వస్తుంది. రోజూ కంపెనీ డబ్బుతో తిరిగే పెద్ద ఉద్యోగికి దోసిళ్లతో, రెండేళ్లకోసారి ఇంటికి పోయే కార్మికుడికి చెంచాతో. అది న్యాయమని నేననను. కానీ చెంచాడు కూడా వదిలేస్తే ఆ న్యాయం మనకు దక్కుతుందా?

నిజం చెప్పాలంటే పాయింట్లు పెరుగు లాంటివి. దాచిపెడితే నెయ్యిలా నిలవ ఉండవు, పులిసిపోతాయి. చాలా కంపెనీల్లో ఏడాదో రెండేళ్లో ఖాతా కదలకపోతే మొత్తం తుడిచేస్తారు. ఇంకొన్నిసార్లు ఖాతా ఉన్నట్టే ఉంటుంది, విలువ తగ్గిపోతుంది. మారియట్ కంపెనీ 2022లో హోటల్‌కు ఇన్ని పాయింట్లు అన్న పాత స్థిర పట్టిక తీసేసింది. అంతకుముందు కూడబెట్టుకున్నవాళ్లు చేయగలిగిందేమీ లేదు. బ్యాంకులో వేసిన డబ్బుకు చట్టం అండ ఉంటుంది. పాయింట్లకు కంపెనీ మాటే చట్టం. వస్తే తీసుకోవాలి, చాలినన్ని కాగానే వాడేయాలి.

ఇంకా చెప్పాలంటే పాయింట్ల కోసం రూపాయి ఎక్కువ పెట్టకూడదు. ఒక విమానం టికెట్ 15 రియాళ్లు తక్కువైతే మైళ్లు రాకపోయినా అదే ఎక్కాలి. పాయింట్లు వస్తాయని క్రెడిట్ కార్డు గీకి నెలాఖరుకు కట్టలేకపోతే వచ్చే కొసరు కంటే పోయే వడ్డీ పదింతలు. పాయింట్లు కొనుక్కోమని వచ్చే ఆఫర్ల జోలికి పోవద్దు. 'మీ పాయింట్లు ఈ రాత్రికి పోతాయి, ఈ లింక్ నొక్కండి' అని ఫోన్‌కు వచ్చే మెసేజ్ దాదాపు ఎప్పుడూ దొంగదే. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్నది దీనికీ వర్తిస్తుంది.

ఇంటికి పోకుండా షికారా?

జపాన్ మాట ఇంట్లో చెప్పినప్పుడు అసలు గొడవ మొదలైంది. "ఏడాదిన్నరకు ఇంటికొచ్చేటోనివి. ఆ పది రోజులు గూడ ఆడికెందుకు పోతవ్ బిడ్డా?" అంది అమ్మ. మా బావ అయితే "ఊళ్లో ఏమనుకుంటరు? గల్ఫ్ పోయి జపాన్ తిరుగుతుండట అని నవ్వరా?" అన్నాడు. వాళ్ల తప్పు లేదు. మనందరికీ సెలవంటే ఇల్లే. ఇల్లంటే సెలవు కాదు, మళ్లీ డ్యూటీ. దిగిన మర్నాటి నుంచి బ్యాంకు, పొలం గట్టు తగాదా, చుట్టాల పెళ్లి, చావు పలకరింపు, ఇంటి రిపేరు. చివరి రెండు రోజులు పచ్చళ్లు సర్దుకోవడం. ముప్పై రోజుల్లో భార్యాపిల్లలతో మేం ముగ్గురమే కూర్చుని తిన్న పూటలు లెక్కపెడితే పదికి మించవు.

మా ఆవిడ ఒక్కతే వేరేగా మాట్లాడింది. "నువ్వు ఇంటికొస్తవు గని నా దగ్గరికి రావు. అందరి దగ్గరికి వస్తవు. జపానో, ఇంకోటో నాకు తెల్వదు. పది రోజులు మనం ముగ్గురమే ఉండే చోటికి తీస్కపో" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. పన్నెండేళ్లలో ఆమె నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఒమాన్‌లో 2023లో వచ్చిన కార్మిక చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 30 రోజుల జీతంతో సెలవు మన హక్కు. అందులో పది రోజులు మన కుటుంబానికి రాసుకుంటే తప్పేమిటి? అప్పు ఉన్నవాళ్లు ముందు అప్పే తీర్చాలి. నేనూ ఏజెంటుకు కట్టిన అప్పు తీరేదాకా మూడేళ్లు చాయ్ కూడా లెక్కపెట్టుకుని తాగినవాణ్ణే. అప్పు తీరాక కూడా 'మనకెందుకులే' అనే అలవాటు మాత్రం తీరడం లేదు. హోటల్ మనకెందుకులే, పాయింట్లు మనకెందుకులే, భార్యతో షికారు మనకెందుకులే. నా గొడవంతా ఈ 'మనకెందుకులే' మీదే.

చివరికి అమ్మతో రాజీ కుదిరింది. వచ్చే సెలవులో ముందు ఇంటి దగ్గర ఇరవై రోజులు, జూన్ మొదట్లో పది రోజులు జపాన్. "ఆడ కూడ కొసరు అడుగురా" అంది అమ్మ. అయిదో రాత్రి కొసరే అని చెబితే ఫోన్‌లోనే నవ్వింది.

మనం చేయగలిగింది

అందరూ జపాన్ పోవాలని నేను చెప్పడం లేదు. చాలామంది కొసరు ఎప్పటికీ అంత కాదు. కొందరికి హైదరాబాద్ టికెట్‌లో కొంత తగ్గుతుంది. కొందరికి భార్యాపిల్లల్ని నాలుగు రోజులు మస్కట్ తెచ్చుకోవడానికి ఆసరా అవుతుంది. ఏదైనా మనదే.

రువిలో టికెట్లు రాసే మన తెలుగు ఏజెంటు అన్నలకు ఒక విన్నపం. పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు 'సభ్యత్వ నంబరుందా?' అని ఒక్క మాట అడగండి. లేకపోతే రెండు నిమిషాలు కేటాయించి వాళ్ల ఈ-మెయిల్‌తోనే చేయించండి, మీ ఈ-మెయిల్‌తో కాదు. కంపెనీ అడ్మిన్ ఆఫీసుల్లో ఉన్న మనవాళ్లు ప్రాజెక్టు మీద హోటల్‌కు పంపేటప్పుడు కార్మికులకు ఈ సంగతి చెప్పండి. శుక్రవారం నలుగురు కలిసే చోట, మన తెలుగు సంఘాల సమావేశాల్లో, పాటల మధ్య ఒక పావుగంట దీనికివ్వండి. చదువుకున్న ఒకడు ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఒక సాయంత్రం యాభై మందికి నంబర్లు వస్తాయి.

కాక చివరి ప్రయాణానికి టికెట్ నేనే తీయించాను. వద్దంటున్నా వినకుండా నంబరు కూడా రాయించాను. ఎయిర్‌పోర్టులో కాక ఆ బోర్డింగ్ పాస్ మీద అంకెలు చూసి నవ్వాడు. "ఇంక నేనేడికి పోత బిడ్డా! మావోడు దోహాల ఉన్నడు. వానికి చెప్పు" అన్నాడు. ఆ రాత్రే వాళ్లబ్బాయికి ఫోన్ చేశాను. అతను అక్కడికి పోయి ఆరేళ్లయింది. నంబరు లేదు. ఫోన్ పెట్టేలోపు తీసుకున్నాడు.

ఈ నెల సెలవుకు పోయేవాళ్లెవరైనా ఉంటే టికెట్ చేతికి రాకముందే అడగండి. సిగ్గుపడొద్దు. అది బిచ్చం కాదు.

- ఒక ప్రవాస సూపర్‌వైజర్, మస్కట్